పరాయి పెద్దమనుషుల పంచాయితీలో అఫ్గాన్ ఓటు

2014 సెప్టెంబరు 21న అఫ్గానిస్థాన్ ఎన్నికల సంఘం అధ్యక్షుడు అహ్మద్ యూసుఫ్ నూరిస్తానీ కాబూల్‌లో విలేకరుల ముందుకు వచ్చి, అష్రఫ్ ఘనీ దేశాధ్యక్షుడిగా ఎన్నికయ్యారని ప్రకటించారు. ఘనీకి ఎన్ని ఓట్లు వచ్చాయో ఆయన చెప్పలేదు. ప్రత్యర్థి అబ్దుల్లా అబ్దుల్లాకు ఎన్ని వచ్చాయో, దొంగ ఓట్లని ఎన్నింటిని తీసివేశారో కూడా చెప్పలేదు. అంకెలు బయటపెట్టరాదని అబ్దుల్లా వర్గం పట్టుబట్టింది. అదే రోజు అధ్యక్ష భవనంలో అభ్యర్థులిద్దరూ అధికారాన్ని పంచుకునే ఒప్పందం మీద సంతకాలు చేయగా, అమెరికా రాయబారి, ఐక్యరాజ్య సమితి ప్రతినిధి సాక్షులుగా నిలిచారు. లెక్కింపు పూర్తయిన ఒక దేశాధ్యక్ష ఎన్నికలో, ఓటు వేసిన ప్రజలకు ఆ లెక్క చెప్పకుండానే ఫలితాన్ని ప్రకటించారు.

ఆ ఎన్నిక రెండో దఫా పోలింగ్ జూన్ 14న జరిగింది. ఆ రోజు హెరాత్ ప్రాంతంలో ఓటు వేసి ఇంటికి మళ్లిన పదకొండు మంది వృద్ధులను తాలిబాన్ పట్టుకుని, సిరా అంటిన వేళ్లను నరికివేశారు. ఈ రెండు సంగతులను పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడల్లా నాకు మనసు కుదుటపడదు. వేలు పోగొట్టుకున్న మనిషికి తన ఓటు ఏ లెక్కలో చేరిందో ఆ రోజు ఎవరూ చెప్పలేదు.

తిరుపతి బాలాజీ కాలనీలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలకు నేను రాజనీతి శాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు చెబుతుంటాను. పీలేరు, పలమనేరు, సత్యవేడు వైపు నుంచి వచ్చి గదులు అద్దెకు తీసుకుని చదువుకునే పిల్లలు వీరిలో ఎక్కువ. ఇటీవల అఫ్గానిస్థాన్ పాఠం మధ్యలో ఒక అబ్బాయి లేచి, "డబ్బులు వాళ్లవి, సైన్యం వాళ్లది, ఇంక గెలిచేవాణ్ణి వాళ్లు కాకుండా ఎవురు తేలుస్తారు సార్?" అని అడిగాడు. తరగతిలో సగం మంది అవునన్నట్లు తలలూపారు. ఆ ప్రశ్నకు అక్కడ ఇచ్చిన జవాబు పొట్టిది. ఆ పిల్లవాడికీ, అతనిలా ఆలోచించే మరెందరికో ఉపయోగపడాలని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

విదేశీ జోక్యం అనగానే మన మనసులో మెదిలే చిత్రం ఒకటుంది. ఎక్కడో దూరాన కూర్చున్న ఒక పెద్ద దేశం తనకు నచ్చిన మనిషిని ఎంపిక చేస్తుంది, ఓట్ల పెట్టెలు నింపిస్తుంది, అతన్ని గద్దె మీద కూర్చోబెడుతుంది. అఫ్గానిస్థాన్ చరిత్ర ఆ చిత్రంలో పూర్తిగా ఇమడదు. 2001లో అది కొంతవరకు నిజమే. 2009లో అమెరికా అధికారులలో కొందరు కోరుకున్నది జరగలేదు, వారు వద్దనుకున్న మనిషే మళ్లీ అధ్యక్షుడయ్యాడు. ఫలానావాడు గెలవాలని విదేశాలు కోరుకోవడం కన్నా, గెలుపోటముల తగువు ఎప్పుడు వచ్చినా దాన్ని తేల్చే చోటు విదేశీ రాయబార కార్యాలయమే కావడం ఆ దేశానికి ఎక్కువ కీడు చేసిందని నా అభిప్రాయం. అభ్యర్థులకు ఆ సంగతి తెలిసిపోయిన తరువాత, వారు ఓటరును ఒప్పించే పనిని రెండో స్థానానికి నెట్టివేశారు.

మొదటి నుంచి చెప్పుకోవాలి. 2001 డిసెంబరు 5న జర్మనీలోని బాన్ నగరం దగ్గర అఫ్గాన్ వర్గాల మధ్య తాత్కాలిక ప్రభుత్వ ఒప్పందం కుదిరింది. సమావేశాన్ని నడిపినవారు ఐరాస ప్రతినిధి లఖ్దర్ బ్రహీమీ. పదవీచ్యుతుడైన రాజు జహీర్ షా పక్షాన వచ్చిన వర్గం ఆ ప్రభుత్వాధినేత పదవికి మొదట ముందుకు తెచ్చిన పేరు అబ్దుల్ సత్తార్ సీరత్. అమెరికా, ఐరాస ప్రతినిధులు హమీద్ కర్జాయ్ వైపు మొగ్గు చూపడంతో సీరత్ తప్పుకోవలసి వచ్చింది. కర్జాయ్ ఆ సమయంలో బాన్‌లో లేరు. దక్షిణ అఫ్గానిస్థాన్‌లో తాలిబాన్‌తో పోరాడుతూ, ఉపగ్రహ ఫోన్‌లో సమావేశాన్ని ఉద్దేశించి మాట్లాడారు. ఆయన మన సిమ్లాలోని హిమాచల్ ప్రదేశ్ విశ్వవిద్యాలయంలో చదివిన మనిషి అని చెప్పినప్పుడు మా పిల్లలకు ఆసక్తి కలుగుతుంది.

ఆరు నెలల తరువాత, 2002 జూన్‌లో, కాబూల్‌లో లోయా జిర్గా, అంటే దేశ పెద్దల మహాసభ, సమావేశమైంది. దేశం నలుమూలల నుంచి వచ్చిన ప్రతినిధులలో చాలామంది వృద్ధుడైన రాజు జహీర్ షాను దేశాధినేతగా నిలపాలని కోరుకున్నారు. సమావేశం మొదలుకావడం ఆలస్యమైంది. ఆ విరామంలో, రాజు అభ్యర్థి కారని విలేకరులకు మొట్టమొదట చెప్పినవారు అమెరికా దూత జల్మయ్ ఖలీల్‌జాద్. ఆ తరువాతే రాజు పక్షం అదే మాట చెప్పింది. రాచరికం తిరిగి రావాలని నేను అనడం లేదు. కానీ తమ రాజు సంగతిని తమకన్నా ముందు ఒక విదేశీ దూత ప్రకటించడాన్ని ఆ ప్రతినిధులు కళ్లారా చూశారు. నిర్ణయం ఎక్కడ జరుగుతుందన్న విషయంలో వారికి మొదటి పాఠం అక్కడే దొరికింది.

2004 అక్టోబరు 9న జరిగిన మొదటి అధ్యక్ష ఎన్నికను నేను ఎప్పటికీ తక్కువ చేసి మాట్లాడను. సుమారు 80 లక్షల మంది ఓటు వేశారు. పాకిస్థాన్, ఇరాన్‌లలో శరణార్థులుగా ఉన్నవారికి కూడా అక్కడే ఓటు వేసే ఏర్పాటు చేశారు. ఆ రోజు మధ్యాహ్నానికే గొడవ మొదలైంది. వేలికి పూసిన సిరా కడిగితే పోతోందని, ఒకరే పలుమార్లు ఓటు వేయవచ్చని ఆరోపిస్తూ కర్జాయ్ ప్రత్యర్థులు పోలింగ్‌ను బహిష్కరిస్తున్నట్లు ప్రకటించారు. ఐరాస నియమించిన విదేశీ నిపుణుల బృందం విచారణ జరిపింది, ప్రత్యర్థులు వెనక్కి తగ్గారు. కర్జాయ్ 55.4 శాతం ఓట్లతో గెలిచారు, రెండో స్థానంలో ఉన్న యూనస్ ఖానూనీకి 16 శాతం పైచిలుకు వచ్చాయి. తేడా అంత పెద్దది కాబట్టి తగువు త్వరగా చల్లారింది. అయితే ఫిర్యాదు విదేశీయుల ముందుకు వెళ్లడం, వారు చెప్పిన మాటతో సర్దుకోవడం అనే పద్ధతి మాత్రం అక్కడ స్థిరపడింది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ అబ్బాయి అడిగిన ప్రశ్న అక్కడి నుంచే పుట్టింది. ఆ దేశంలో ఎన్నికల ఖర్చు దాదాపు అంతా దాత దేశాలు భరించాయి. బ్యాలెట్ పత్రాలు, పెట్టెలు, సిబ్బంది జీతాలు, వాటిని కొండ దారులలో మోసే వాహనాలు అన్నీ ఆ ఖాతాలోనివే. ఇది కనిపించే డబ్బు. కనిపించని డబ్బు వేరే ఉంది. ఇరాన్ నుంచి తన కార్యాలయానికి సంచులలో నగదు వస్తోందని 2010 అక్టోబరులో కర్జాయ్ స్వయంగా ఒప్పుకున్నారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు, ఒక్కోసారి ఏడు లక్షల యూరోల వరకు ఇస్తారని, అమెరికా కూడా అలాగే ఇస్తుందని ఆయన దాపరికం లేకుండా చెప్పారు. 2013లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ ఇచ్చే నగదు గురించి వార్తలు వచ్చినప్పుడు కూడా ఆయన కాదనలేదు. ఎదురెదురుగా నిలిచిన రెండు దేశాలు ఒకే అధ్యక్ష భవనంలోకి నగదు సంచులు పంపుతున్నప్పుడు, గ్రామాలలోని ఓటరు చేతిలో మిగిలే బలం ఎంతన్నది ఆలోచించవలసిన విషయం.

అన్నింటిలోకి 2009 ఎన్నికను నేను తరగతిలో ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే విదేశీ జోక్యం ఎన్ని రూపాలలో ఉంటుందో అన్నీ అందులో కనిపిస్తాయి. ఆ ఏడాది వాషింగ్టన్‌లో ప్రభుత్వం మారింది. కర్జాయ్ అవినీతిని అదుపు చేయలేదన్న కోపం కొత్త పాలకులలో బలంగా ఉండేది. ప్రత్యేక దూత రిచర్డ్ హోల్‌బ్రూక్ ఇతర నాయకులను పోటీకి ప్రోత్సహించారు. రాయబారి కార్ల్ ఐకెన్‌బెర్రీ కర్జాయ్ ప్రత్యర్థులు ఏర్పాటు చేసిన విలేకరుల సమావేశాలలో వారి పక్కన కనిపించారు. అందరికీ సమాన అవకాశం ఇవ్వాలన్నదే తమ ఉద్దేశమని అమెరికా చెప్పుకుంది. కానీ అప్పటి అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ 2014లో ప్రచురించిన తన జ్ఞాపకాలలో, కర్జాయ్‌ను ఓడించడానికి జరిగిన ఆ ప్రయత్నాన్ని మొరటుగా చేసి విఫలమైన కుట్రగా వర్ణించారు. మంత్రివర్గంలో కూర్చున్న మనిషే ఆ మాట అన్న తరువాత మనం వేరే సాక్ష్యం వెతకనక్కరలేదు.

దాని ఫలితం ఏమైంది? అమెరికా తనకు అండగా లేదని గ్రహించిన కర్జాయ్ ప్రాంతీయ బలవంతుల దగ్గరకు వెళ్లారు, పాత యుద్ధ నాయకులతో పొత్తులు కుదుర్చుకున్నారు. ఆగస్టు 20న పోలింగ్ జరిగింది. భద్రత లేక తలుపే తెరవని పోలింగ్ కేంద్రాల నుంచి వేలకొద్దీ ఓట్లు వచ్చాయి. అక్కడ ఓట్లను పోలింగ్ కేంద్రంలోనే లెక్కించి ఫలితాల పత్రాలను కాబూల్‌కు పంపేవారు కాబట్టి, కేంద్రమే లేని చోట కాగితం మీద కేంద్రాన్ని సృష్టించడం కష్టం కాలేదు. ప్రాథమిక లెక్కలో కర్జాయ్‌కు 54.6 శాతం వచ్చింది. ఎన్నికల సంఘం సభ్యులను నియమించింది కర్జాయే. దాని మీద విచారణ జరపవలసిన ఫిర్యాదుల సంఘంలో మాత్రం ఐదుగురు సభ్యులలో ముగ్గురు ఐరాస నియమించిన విదేశీయులు, అధ్యక్షుడు కెనడాకు చెందిన గ్రాంట్ కిపెన్. ఈ సంఘం లక్షల ఓట్లను కొట్టివేయడంతో కర్జాయ్ వాటా 49.67 శాతానికి పడిపోయింది, అబ్దుల్లాకు 30.59 శాతం నిలిచింది. 50 శాతం దాటితేనే గెలుపు అన్నది రాజ్యాంగ నియమం. మూడో వంతు శాతం తక్కువై రెండో దఫా పోలింగ్ తప్పనిసరి అయింది.

ఆ లెక్క తప్పని నేను అనడం లేదు. దొంగ ఓట్లు లక్షల సంఖ్యలో పడ్డాయి, వాటిని తీసివేయడం న్యాయమే. అయినా సంఘంలో ఉన్న ఇద్దరు అఫ్గాన్లలో ఒకరు విదేశీయుల పెత్తనాన్ని నిరసిస్తూ రాజీనామా చేశారు. ఐరాస కార్యాలయంలోనే చీలిక వచ్చింది. రిగ్గింగ్‌ను కప్పిపుచ్చుతున్నారని తన పై అధికారి కై ఐడెను విమర్శించిన పీటర్ గాల్‌బ్రెయిత్‌ను సెప్టెంబరు చివరలో పదవి నుంచి తొలగించారు. అమెరికా సెనేట్ విదేశీ సంబంధాల సంఘం అధ్యక్షుడు జాన్ కెర్రీ కాబూల్ వచ్చి, రోజుల తరబడి కర్జాయ్‌తో మాట్లాడి, రెండో దఫాకు ఒప్పించారు. అక్టోబరు 20న కర్జాయ్ ఆ ప్రకటన చేసినప్పుడు ఆయన పక్కన నిలబడినవారు కెర్రీ, ఐడె. ఆ దృశ్యం టీవీలో చూసిన అఫ్గాన్ పౌరుడికి, తన దేశంలో మళ్లీ ఓటింగ్ జరగాలని నిర్ణయించింది ఎవరని అనిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఎన్నికల పని మీద వెళ్లిన ఐరాస సిబ్బంది బస చేసిన కాబూల్ అతిథి గృహం మీద అక్టోబరు 28న తాలిబాన్ దాడి చేసి ఐదుగురు ఐరాస ఉద్యోగులను చంపారు. నవంబరు 1న అబ్దుల్లా పోటీ నుంచి తప్పుకున్నారు. మరునాడు, రెండో దఫా లేకుండానే, కర్జాయ్ గెలిచినట్లు ప్రకటించారు. ఆ తరువాతి ఏప్రిల్‌లో కర్జాయ్, రిగ్గింగ్ జరిగిన మాట నిజమేనని, కానీ చేసింది అఫ్గాన్లు కాదని, విదేశీయులేనని ప్రసంగించారు. అది సత్యం కాదు, ఆయన మనుషులు చేసిన పనిని ఆయన పరాయివాళ్ల మీదకు నెట్టారు. కానీ ఆ మాట నమ్మేవారు దేశంలో ఉన్నారంటే, విదేశీయులు అప్పటికే ఎంత లోపలికి వచ్చి కూర్చున్నారో తెలుస్తుంది. దొంగ తప్పించుకోవడానికి కూడా వారి ఉనికి పనికివచ్చింది.

నేను మన జిల్లాలో ఎన్నికల విధుల మీద తూర్పు మండలాల పల్లె బడులలో ప్రిసైడింగ్ అధికారిగా కూర్చున్నవాణ్ణి. పోలింగ్ ముగిశాక పోలైన ఓట్ల లెక్కను ఫారం 17-సిలో నింపి, యంత్రానికి సీలు వేసి, ఆ పత్రం నకళ్లను పార్టీల ఏజెంట్ల చేతికి ఇస్తాము. అప్పుడు వారి ముఖాలు చూస్తే ఎవరి పక్షం బలంగా ఉందో కొంత తెలిసిపోతుంది. ఓడిపోతానని అనుమానం ఉన్న ఏజెంటు కూడా ఆ నకలు తీసుకుని, మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్తాడు. మన దగ్గర అంతా సవ్యంగా జరుగుతుందని నేను చెప్పను. 2021 తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నికలో బయటి ఊళ్ల నుంచి బస్సులలో మనుషులను తెచ్చి దొంగ ఓట్లు వేయించారన్న ఆరోపణలు ఈ ఊరిలో అందరికీ గుర్తే. డబ్బు పంపిణీ గురించి చెప్పనే అక్కరలేదు. అయినా ఫలితం మీద అభ్యంతరం ఉన్నవాడు 45 రోజులలో హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలని చట్టంలో రాసి ఉంది. ఏ పార్టీవాడూ తన ఓటమి మీద ఢిల్లీలోని ఒక విదేశీ రాయబారికి ఫోన్ చేయడు, చేసినా ఫలితం ఉండదని అతనికి తెలుసు.

మన రాయలసీమ పల్లెలలో పెద్దమనిషి పంచాయితీ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. గట్టు తగువైనా, అన్నదమ్ముల వాటాలైనా, ఇద్దరూ పెద్దమనిషి అరుగు ఎక్కితే ఆయన చెరి సగం చేసి పంపుతాడు. న్యాయం ఎటున్నదన్నది ఆయనకు అంత ముఖ్యం కాదు, ఊరిలో గొడవ జరగకపోవడం ముఖ్యం. ఆ అలవాటు ఒకసారి పడితే, న్యాయం లేనివాడే ముందుగా గొడవ పెట్టుకుంటాడు, ఎందుకంటే పంచాయితీకి వెళ్తే అతనికి సగమైనా దక్కుతుంది. 2014లో అఫ్గానిస్థాన్ ఎన్నిక సరిగ్గా ఈ స్థితికి చేరింది.

ఆ ఏడాది ఏప్రిల్ 5న మొదటి దఫాలో అబ్దుల్లాకు 45 శాతం, ఘనీకి 31.56 శాతం ఓట్లు వచ్చాయి. జూన్ 14 రెండో దఫా తరువాత ప్రాథమిక లెక్కలో ఘనీ 56.44 శాతంతో ముందుకు వచ్చారు. ఎన్నికల సంఘం కార్యదర్శి రిగ్గింగ్ గురించి సంకేత భాషలో మాట్లాడినట్లు చెప్పే ఫోన్ సంభాషణలను అబ్దుల్లా వర్గం బయటపెట్టింది, ఆ అధికారి ఆరోపణలను కాదంటూనే రాజీనామా చేశారు. సమాంతర ప్రభుత్వం ఏర్పాటు చేస్తామని అబ్దుల్లా అనుచరులు హెచ్చరించారు. జూలైలో కెర్రీ, ఈసారి విదేశాంగ మంత్రి హోదాలో, కాబూల్ చేరుకున్నారు. మొత్తం ఓట్లన్నింటినీ మళ్లీ పరిశీలించాలన్న ఒప్పందం కుదిరింది. దాదాపు 23,000 బ్యాలెట్ పెట్టెలను అన్ని ప్రాంతాల నుంచి కాబూల్‌కు తెచ్చారు, ఐరాస పర్యవేక్షణలో, విదేశీ పరిశీలకుల సమక్షంలో వారాల తరబడి తెరిచి చూశారు. ఎన్నికల చరిత్రలో అంత విస్తృతమైన పరిశీలన అరుదు. ఆ శ్రమంతా జరుగుతున్న సమయంలోనే మరొక గదిలో ఎవరికి ఏ పదవి అన్న బేరం నడిచింది. రాజ్యాంగంలో లేని ముఖ్య కార్యనిర్వహణాధికారి అనే పదవిని అబ్దుల్లా కోసం సృష్టించారు. రెండేళ్లలో లోయా జిర్గా పిలిచి, ఆ పదవిని ప్రధానమంత్రి పదవిగా మార్చే సంగతి తేలుస్తామన్నారు, ఆ సమావేశం జరగనే లేదు. ఘనీ సెప్టెంబరు 29న ప్రమాణం చేశారు. కర్జాయ్ చివరి వరకు సంతకం చేయడానికి నిరాకరించిన అమెరికా భద్రతా ఒప్పందం మరునాడే, సెప్టెంబరు 30న, పూర్తయింది. ఈ తేదీల వరుసను పరీక్ష కోసం కాకుండా అర్థం చేసుకోవడం కోసం గుర్తుపెట్టుకోమని పిల్లలకు చెబుతాను.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయడం సరికాదు. కెర్రీ రాకపోయి ఉంటే ఏమయ్యేది? 1990లలో కాబూల్ వీధులలో జరిగిన అంతర్యుద్ధంలో వేలమంది చనిపోయారు, నగరం సగం శిథిలమైంది. 2014లో రెండు పక్షాలకూ ఆయుధాలు పట్టిన అనుచరులు ఉన్నారు. ఆ స్థితిలో రక్తపాతాన్ని ఆపడం చిన్న పని కాదు, ఆ మేలును నేను కాదనను. నా ఫిర్యాదు దానికి పదేళ్ల ముందు నుంచి జరిగినదాని మీద. 2004 రాజ్యాంగం అధికారమంతా అధ్యక్షుడి చేతిలో పెట్టింది. 34 రాష్ట్రాల గవర్నర్లనూ ఆయనే నియమించేవారు. అన్ని తెగలు, భాషలు ఉన్న దేశంలో ఓడినవాడికి ఏమీ మిగలని ఏర్పాటు అది, ఆ రాజ్యాంగ రచనలో విదేశీ సలహాదారుల పాత్ర చాలా ఉంది. నమ్మదగిన ఓటర్ల జాబితా, గౌరవం గల న్యాయస్థానం, స్వతంత్ర ఎన్నికల సంఘం వంటివి నిలబెట్టడానికి ఏళ్లు పడుతుంది. దాత దేశాలు ప్రతిసారీ పోలింగ్ తేదీ కోసం డబ్బు గుమ్మరించి, ఎన్నిక కాగానే చేయి వెనక్కి తీసుకునేవి. ఇంటిలో తగువు తీర్చుకునే వ్యవస్థ ఎదగలేదు కాబట్టి ప్రతిసారీ బయటి మనిషి అవసరమయ్యాడు, బయటి మనిషి ఎప్పుడూ అందుబాటులో ఉన్నాడు కాబట్టి ఆ వ్యవస్థను పెంచే అవసరం అక్కడి నాయకులకు కలగలేదు.

ప్రజలు దీన్ని గమనించలేదని ఎవరూ అనుకోనక్కరలేదు. 2019 సెప్టెంబరు 28న మళ్లీ ఎన్నిక జరిగినప్పుడు, 96 లక్షలకు పైగా నమోదైన ఓటర్లలో లెక్కలోకి వచ్చిన ఓట్లు 18 లక్షల పైచిలుకు మాత్రమే. వేలిముద్రలు తీసుకునే యంత్రాలు వచ్చాయి, దొంగ ఓట్లు తగ్గాయి, తాలిబాన్ బెదిరింపులు కూడా ఉన్నాయి. అవన్నీ కారణాలే. వాటితోపాటు, ఎటూ చివరికి పంచాయితీయే కదా అన్న నిరాశ కూడా ఒక కారణమని నేను నమ్ముతున్నాను. 2020 ఫిబ్రవరి 18న వెలువడిన తుది ఫలితంలో ఘనీకి వచ్చిన ఓట్లు 9,23,592. ఉప ఎన్నికలో మన తిరుపతి లోక్‌సభ స్థానం నుంచి గెలిచిన అభ్యర్థికి ఒక్కడికే 6,26,000కు పైగా ఓట్లు వచ్చాయి. మూడు కోట్లకు మించిన జనాభా గల దేశానికి అధ్యక్షుడైన మనిషి, మన ఒక్క పార్లమెంటు స్థానం విజేత కన్నా సుమారు మూడు లక్షల ఓట్లు మాత్రమే ఎక్కువ తెచ్చుకున్నారు. ఈ పోలిక చెప్పినప్పుడు తరగతిలో ఎవరూ మాట్లాడలేదు.

అబ్దుల్లా ఈ ఫలితాన్ని కూడా అంగీకరించలేదు. మార్చి 9న కాబూల్‌లో ఇద్దరూ వేర్వేరు వేదికల మీద దేశాధ్యక్షులుగా ప్రమాణం చేశారు. ఘనీ సభకు అమెరికా దూతగా హాజరైనది 2002లో రాజు అభ్యర్థి కారని చెప్పిన అదే ఖలీల్‌జాద్. మార్చి 23న అమెరికా విదేశాంగ మంత్రి మైక్ పాంపియో వచ్చి, ఇద్దరినీ కలపలేక, సాయంలో 100 కోట్ల డాలర్లు కోత పెడుతున్నట్లు ప్రకటించి వెళ్లారు. మే 17న మళ్లీ అధికార పంపకం ఒప్పందం కుదిరింది, అబ్దుల్లాకు శాంతి చర్చల మండలి అధ్యక్ష పదవి దక్కింది. నేతల సయోధ్యకు సాయంలో కోతను ముడిపెట్టిన తరువాత, ఆ ఎన్నిక విలువ ఎంతో విడమరచి చెప్పవలసిన పని లేదు.

ఈ రెండు ప్రమాణాలకు తొమ్మిది రోజుల ముందు, ఫిబ్రవరి 29న, అమెరికా దోహాలో తాలిబాన్‌తో ఒప్పందం చేసుకుంది. అఫ్గాన్ ప్రభుత్వం ఆ చర్చలలో లేదు, ఒప్పందం మీద సంతకం చేయలేదు. అయినా ఆ ప్రభుత్వ జైళ్లలోని 5,000 మంది వరకు తాలిబాన్ ఖైదీలను విడుదల చేస్తామని అందులో రాశారు. దేశాధ్యక్షుడి చేతిలో ఉండవలసిన నిర్ణయాన్ని ఆయన లేని చోట ఇతరులు చేయగలిగారంటే, అంతకుముందు ఐదు నెలల క్రితం ప్రాణాలకు తెగించి ఓటు వేసినవారు ఎన్నుకున్నది ఏ అధికారాన్ని? ఆ అబ్బాయి ప్రశ్నకు నా జవాబులో ముఖ్యమైన భాగం ఇదే. గెలిచేవాణ్ణి తేల్చడం కంటే, గెలిచిన పదవిలో ఏమీ లేకుండా చేయడం ఎక్కువ హాని చేస్తుంది. అందుకు ఒక్క దొంగ ఓటు కూడా వేయించనక్కరలేదు.

మన దేశం కూడా అక్కడ పరాయి దేశమే. పార్లమెంటు భవనం కట్టి ఇచ్చాము, 2015 డిసెంబరు 25న ప్రధాని మోదీ దాన్ని ప్రారంభించారు. హెరాత్ ప్రాంతంలో సల్మా ఆనకట్ట, జరంజ్ నుంచి దెలారం వరకు రహదారి కట్టాము. కాబూల్ నాయకులలో కొందరితో మనకు సన్నిహిత సంబంధాలు ఉన్నాయి, అబ్దుల్లా కుటుంబం ఢిల్లీలో నివసించిన సంగతి ప్రసిద్ధమే. మన ప్రయోజనాలు మనం చూసుకోలేదని చెప్పడం అమాయకత్వం. అయినా ఎన్నిక ఫలితాల తగువులలో కూర్చుని తీర్పు చెప్పే స్థానానికి మనం వెళ్లలేదు, అది సరైన పని అని నా అభిప్రాయం. భవనాలు కట్టడం కన్నా ఆ భవనంలో కూర్చునేవారిని ఎన్నుకునే యంత్రాంగాన్ని పెంచడంలో ఇంకా ఎక్కువ చేసి ఉండవలసింది. ఓటర్ల జాబితా సవరణ, బూత్ స్థాయి అధికారి, ఏజెంటు సంతకం, బలమైన సీళ్లు, ఎన్నికల పిటిషన్ వంటి చిన్న చిన్న అలవాట్లలో మనకు ఉన్న అనుభవం పెద్ద సొమ్ము. దాన్ని పంచడానికి సైన్యం అక్కరలేదు.

2021 ఆగస్టు 15న ఘనీ దేశం విడిచి వెళ్లారు, తాలిబాన్ కాబూల్‌ను స్వాధీనం చేసుకున్నారు. ఆ డిసెంబరులో వారు ఎన్నికల సంఘాన్ని, ఫిర్యాదుల సంఘాన్ని రద్దు చేశారు. అవి ఇప్పుడు అవసరం లేదని వారి ప్రతినిధి చెప్పారు. ఇరవై ఏళ్ల పాటు కొండ దారులలో గాడిదల మీద బ్యాలెట్ పెట్టెలు మోయించినవారు, బడి గదులలో ఓటర్ల జాబితా ముందు కూర్చున్న ఉపాధ్యాయులు, ఆడవాళ్ల పోలింగ్ కేంద్రాలు నడిపిన మహిళలు వేల సంఖ్యలో ఉన్నారు. నేను చేసిన పనినే వారు ప్రాణభయంతో చేశారు. ఎన్నికలకు డబ్బిచ్చిన దేశాలు, తీర్పు చెప్పిన దేశాలు ముందుగా ఆశ్రయం ఇవ్వవలసినది ఈ మనుషులకు. వీసా దరఖాస్తులు పట్టుకుని పాకిస్థాన్, ఇరాన్‌లలో ఎదురుచూస్తున్న అఫ్గాన్లలో వారు కూడా ఉన్నారు, ఆ దరఖాస్తులను పరిష్కరించడం ఈ రోజుకూ ఆ దేశాల చేతిలో ఉన్న పనే.